ఊడ్పుల వరసలో సబ్బాతు పాట

మా చిన్నప్పుడు... శుక్రవారం పొద్దు వాలుతుంటే నాయనమ్మ పొలం నుంచి పరుగున వచ్చేది. మోకాళ్ళ దాకా బురద. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, రెండు దీపాలు వెలిగించి గుమ్మం వైపు తిరిగి నిలబడేది. నాలుగిళ్ళవాళ్ళం ఆమె వెనక చేరేవాళ్ళం. ఇక పాటే...

మేము తెలుగు యూదులం. "అలాంటివాళ్ళు కూడా ఉంటారా" అని ఇక్కడ దోహాలో మన తెలుగువాళ్ళే అడుగుతుంటారు. ఉంటాం... కోస్తాలో కొన్ని ఇళ్ళు, అంతే. శుక్రవారం సూర్యుడు అస్తమించగానే మాకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, మొదలవుతుంది. దాన్ని పెళ్ళికూతురిగా తలచి, ఎదురెళ్ళి పిలుచుకొచ్చే పాట ఒకటుంది. వందల ఏళ్ళ కిందట ఎవరో కవి హీబ్రూలో రాసి, చరణాల మొదటి అక్షరాల్లో తన పేరు దాచుకున్నాడట.

నాయనమ్మకి చదువు రాదు. నాన్న పుస్తకంలో చూసి ఆ హీబ్రూ మాటలు ఒక్కొక్కటే చెబుతుంటే నోటికి పట్టింది. బాణీ మాత్రం ఎవరూ చెప్పలేదు. తనకి తెలిసింది ఊడ్పుల పాట... వరి నాటేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు పల్లవి అందుకునేది. ఆ వరసలోనే సబ్బాతు పాట కూర్చుకుంది. ఆమె చరణం, మా అందరిదీ పల్లవి. ఆఖరి చరణానికి పైట తలమీదికి లాక్కుని గుమ్మానికి వంగి దండం పెట్టేది. నిజంగానే ఎవరో లోపలికి వస్తున్నారనుకుని నేను పక్కకి జరిగి దారి ఇచ్చేదాన్ని.

తర్వాత ఒక సారు వచ్చారు, విదేశం నుంచి, మాకు ప్రార్థనలు నేర్పడానికి. నాయనమ్మ పాట విని మొహం అదోలా పెట్టి ఇంగ్లీషులో ఏదో అన్నారు. నాన్న మాకు తెలుగులో చెప్పాడు.

"మాటలు పవిత్రమైనయ్యేనంట... బాణీ మాత్రం పొలం గట్టుదంట. అసలు బాణీ వేరే ఉందంట, పూర్వకాలం నుంచీ వస్తా ఉన్నది."

సారు ఒక క్యాసెట్ ఇచ్చి వెళ్ళారు. ఇక వారమంతా ఇంట్లో అదే మోత. పిల్లలం కదా, మాకు ఇట్టే వచ్చేసింది.

నాన్న బాధ కూడా చెప్పాలి. యూదులమంటే ఊళ్ళో నవ్వేవాళ్ళు. బయటి యూదులు నమ్మేవాళ్ళు కాదు. "వాళ్ళు మనల్ని తమవాళ్ళనుకోవాలంటే వాళ్ళలాగే పాడాలమ్మా" అని నాయనమ్మని బతిమాలేవాడు. ఆమె ప్రయత్నించింది, పాపం. రెండు ముక్కలు కొత్త బాణీలో పాడేది, మూడో ముక్కకి గొంతు దానంతటదే పొలంలోకి దిగిపోయేది. ఒక శుక్రవారం అందరి ముందూ నాన్న చెయ్యెత్తి ఆపేశాడు.

"ఇంక నువ్వు పాడమాకమ్మా. వింటా కూర్చో, చాలు."

"సరేలేరా," అంది. అంతే... మళ్ళీ జన్మలో ఆ పాట పాడలేదు. ఆఖరి చరణానికి మాత్రం లేచి, గుమ్మం వైపు తిరిగి, నోరు మెదపకుండా వంగేది.

మా టేప్ రికార్డర్‌కి ఒక ఎర్ర బొత్తాం ఉండేది, రికార్డ్ చెయ్యడానికి. ఆమె ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ నొక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే...

ఇక్కడ దోహాలో మేముండేది ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒక పాత బిల్డింగ్. పై ఫ్లాట్‌లో సిరియావాళ్ళు, అలెప్పో ఊరివాళ్ళు. వాళ్ళింట్లో ఒక పెద్దావిడ ఉంది. బిల్డింగంతా ఆమెని తేతా అంటారు, అంటే అమ్మమ్మ. మొన్న గురువారం సాయంత్రం ఆమె మనవరాలిని పెళ్ళికూతురిని చేస్తూ, గోరింటాకుకి మా ఆడవాళ్ళందరినీ పిలిచారు. తేతా చిన్న డప్పు ఒడిలో పెట్టుకుని పాట ఎత్తుకుంది.

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. అది మా క్యాసెట్ బాణీ. ఎత్తుగడ, విరుపు, పల్లవికి ముందు ఆ చిన్న ఊపు... అన్నీ అవే. నాకు తెలియకుండానే నేనూ కూనిరాగం తీస్తున్నాను.

తేతా నన్ను చూసి ఏదో అడిగింది. మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. "ఈ పాట నీకెలా తెలుసని అడుగుతోంది. ఇది వాళ్ళ వీధిలో, పెళ్ళికూతురు గడప దాటేటప్పుడు ఆడవాళ్ళు పాడేదట."

"చిన్నప్పుడు మా ఊళ్ళో నేర్చుకున్నాను," అన్నాను. ఇంకేం చెప్పను? తేతా ముచ్చటపడి నా చేతికి కూడా గోరింటాకు పెట్టించింది.

ఇంటికొచ్చి చదివాను... చాలా చదివాను. యూదులు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు బాణీల్లోనే పాడుకున్నారట. అలెప్పోలో అయితే పక్కింటి అరబ్బుల పాట నచ్చితే చాలు, దాని వరసకి హీబ్రూ మాటలు కట్టేవారట. పైన "ఫలానా పాట వరస" అని రాసుకునేవారట, మన భజన పుస్తకాల్లో ఉన్నట్టే. అందరూ చేసింది అదే పని. మా నాయనమ్మ చేస్తే మాత్రం పొలం గట్టు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా...

నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఆ సారుక్కూడా తెలిసుండదులే," అన్నాడు. మళ్ళీ తనే, "అమ్మ పాడేది ఎట్టుండేదే? నీకేమన్నా గుర్తుందా? ఒకసారి అను," అన్నాడు.

అన్నాను. రెండు ముక్కలు వచ్చాయి. మూడో ముక్కకి క్యాసెట్ బాణీలోకి జారిపోయాను. మళ్ళీ మొదలెట్టాను... మళ్ళీ అంతే. అటు నుంచి నాన్న ఎత్తుకున్నాడు. ఆయనా అక్కడే తప్పాడు.

"పోయిందమ్మా," అన్నాడు. ఫోన్‌లో మా నాన్న ఏడవడం నేను వినడం అదే మొదలు.

నాయనమ్మతో ఊడ్పులకి వెళ్ళినవాళ్ళలో ఊళ్ళో ఇప్పుడు ఒక్కరూ లేరు. ఆ పొలాలు సగం రొయ్యల చెరువులయ్యాయి. మిగిలినవాటిలో మిషన్లు నాటుతున్నాయి.

మీ ఇళ్ళల్లో ఊడ్పులకి వెళ్ళిన అమ్మలు, నాయనమ్మలు ఇంకా ఉంటే... ఒకసారి ఆ పాట పాడించి నాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. తప్పు పాడుతోందని దిద్దకండి, దణ్ణం పెడతాను. మాటలు మర్చిపోయినా ఫర్వాలేదు, ఊ ఊ అన్నా చాలు.

మాటలు నా దగ్గరున్నాయి.