కూర్చుంటే ఉండ, నిలబడితే పుల్ల

ఖాళీ కనబడితే చాలు, మా పుల్లల మాస్టారికి ప్రాణం ఊరుకునేది కాదు. కిక్కిరిసిన లిఫ్టులోంచి కూడా, "రండి రండి, ఇంకొకరు పడతారు!" అని కేకేసేవారు. ఎక్కినవాడి మోచెయ్యి ఆయన ముక్కుకే తగిలేది. ఇప్పటికీ నిండిన లిఫ్టు చూస్తే నాకా కేకే వినబడుతుంది.

ఆ పిచ్చికి మూలం ఆయన చదువే. కంటికి ఆనని పుల్లల్లాంటి రేణువుల్ని నీళ్ళలో కలిపి చూడటం మా లాబు పని. కాసిని వేస్తే తలో దిక్కూ తిరుగుతాయి. వేస్తూపోతే, ఒక చిక్కదనం దాటాక, ఎవరూ చెప్పకుండానే అన్నీ ఒకే వైపు తిరుగుతాయి. కాంతిని వడగట్టే రెండు ఫిల్టర్ల మధ్య అంతదాకా నల్లగా ఉన్న గాజుగొట్టం కాస్తా రంగులతో వెలిగిపోతుంది.

"చూశావా అమ్మాయ్! ఒదిగాయి కాబట్టే అన్నిటికీ మెసిలే చోటొచ్చింది!" అని చప్పట్లు కొట్టేవారు, ప్రతిసారీ కొత్తగా.

ఇంట్లోనూ అదే వరస. గరిటెల డబ్బాలో ఇంకో గుప్పెడు కుక్కి, "ఎంత బుద్ధిగా నిలబడ్డాయో చూడు" అన్నారట.

"బాగానే ఉంది, ఒక్కటి బయటికి తియ్యండి చూద్దాం" అందట వాళ్ళావిడ. లాగితే డబ్బాతో సహా వచ్చింది.

నా మార్కులు చూసి లాబులన్నీ "చోటు లేదమ్మా" అన్నాక ఈయన దగ్గర చేరాను. అక్కడున్నవాళ్ళంతా అలా తిరిగొచ్చిన సరుకే. ఒకరోజు డైరెక్టరుగారు వచ్చి బల్లలు లెక్కపెట్టారు.

"ఈ అమ్మాయికి బల్ల లేదు. బల్ల లేనివాళ్ళని ఉంచడం కుదరదు, పంపించెయ్యండి."

నేను పుస్తకాలు సర్దుకోబోయాను.

"ఉందిగా అండీ!" మాస్టారు తన బల్ల చూపించారు.

"అది మీది కదా?"

"నేను కూర్చుంటే ఉండలా అయిపోతున్నానండీ. ఉండలు వరసకి రావు. నిలబడితేనే పుల్లని."

డైరెక్టరుగారు నవ్వాపుకోలేక వెళ్ళిపోయారు. పిచ్చి ముదిరి పాకాన పడిందనుకున్నాం మేమంతా. ఆ తర్వాత నా చదువు పూర్తయ్యేదాకా ఆయన కిటికీ దగ్గరే నిలబడి, గట్టు మీద రాసుకున్నారు. "కాళ్ళు లాగడం లేదా మాస్టారూ?" అంటే, "పుల్లలకి కాళ్ళెక్కడివే?" అనేవారు.

నాకు డాక్టరేటు వచ్చిన రోజు బల్ల ఖాళీ చేశాను. మాస్టారు మెల్లిగా వచ్చి కుర్చీలో కూలబడి, పాదాలు ఒత్తుకుంటూ, "అమ్మయ్యా!" అన్నారు. అంత సుఖంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఉండలా అయిపోతున్నారు మాస్టారూ!" అన్నాను, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

"నువ్వెళ్తున్నావుగా, కాస్త పలచబడ్డాంలేవే" అన్నారాయన.

అంతలో తలుపు దగ్గర ఎవరో ఒకామె, మార్కుల కాగితం మడతపెట్టి పట్టుకుని, "సార్... అన్నిచోట్లా లేదన్నారు. ఇక్కడేమైనా చోటుందా?" అంది.

మాస్టారు చటుక్కున లేచి నిలబడ్డారు.

"రామ్మా రా! నీ బల్ల ఇదే."