పన్నెండో మీట

టంకం బాబాయికి ఆ పేరు ఊరికే రాలేదు. విరిగినది కంటపడితే టంకం పెట్టి అతికించందాకా ఆయనకి అన్నం సయించదు. పెళ్లయిన మర్నాడే అత్తవారి రేడియో విప్పి ముందేసుకు కూర్చున్నాడు. పాపం మామగారు వారం రోజులపాటు వార్తల కోసం పక్కింటికి వెళ్లొచ్చారు. బాబాయిది ఒకటే నియమం: చచ్చిన తీగ ఒక్కటి ఉన్నా సామాను గుమ్మం దాటకూడదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ మాట తప్పలేదు. మనిషికి గర్వమంటూ ఉంటే అదొక్కటే.

అలాంటి వాడి ఇంటికి ఒకరోజు పాత మిక్సింగ్ కన్సోల్ వచ్చింది. పాటలు రికార్డు చేసేచోట గొంతు ఎంత, వాయిద్యం ఎంత అని పాళ్లు తేల్చి కలిపే బల్ల అది. ఇరవై నాలుగు వరసలు, వరసకొక జారుడు మీట, దానిపైన లెక్కలేనన్ని బొత్తాలు. ఆరుగురు మోసుకొచ్చారు. బాబాయి రిపేరు షాపులో పట్టలేదు, పడగ్గదిలో పట్టలేదు. చివరికి భోజనాల బల్ల పెరట్లోకి నడిచింది, ఇది దాని స్థానంలోకి వచ్చింది.

నాలుగు నెలలు ఇంటిల్లిపాదీ దానిమీద చెక్క పలక పరుచుకుని అన్నం తిన్నారు. ఎవరి వరస వాళ్లది. కూతురు పదో వరస, అల్లుడు తొమ్మిది. "ఉప్పు మూడో వరసలో ఉంది, ఇలా అందుకోండి" అనడం ఆ ఇంట్లో మామూలైపోయింది. మీటల సందుల్లో దుమ్ము వదిలించడానికి పళ్ల బ్రష్షులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. అల్లుడు మర్యాదస్తుడు కాబట్టి మూడు రోజులు వేలితో తోముకుని, నాలుగో రోజు కొత్తది కొనుక్కుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు. బాబాయి భార్యని అందరూ పిన్ని అంటారు. ఆవిడ ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు అడిగింది.

"ఏమండీ, అది బాగయ్యేలోపు మనం బాగుంటామా?"

"ఇంకెంత, రెండు వరసలే" అన్నాడు బాబాయి, ఇరవై రెండు మిగిలి ఉండగా.

కన్సోల్ సొంతదారు ఎనభై రెండేళ్ల సంగీత దర్శకుడు. అందరూ పెద్దాయన అంటారు. మూతపడ్డ స్టూడియో నుంచి తన బల్లని విడిపించుకుని తెచ్చాడు. టేపుల్లో కలపకుండా మిగిలిపోయిన ఆఖరి పాటని దానిమీదే కలపాలని పట్టు.

"పన్నెండో మీట జాగ్రత్త నాయనా. అది వయొలిన్లది. ఇరవై ఆరేళ్లు ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదు. నా పాటలు నిలబడ్డాయంటే దాని చలవే" అని మరీమరీ చెప్పి వెళ్లాడు.

తీరా పన్నెండో వరస విప్పి చూస్తే మీట ఉంది, మీట వెనక ఏమీ లేదు. తీగలు తెగలేదు, తుప్పు పట్టలేదు. ఎవరో నేర్పరి చక్కగా విప్పి, చివరలు మడిచి, కట్టగట్టి పెట్టాడు. బాబాయి ఆ స్టూడియోలో పనిచేసిన పాత రికార్డిస్టుకి ఫోన్ చేశాడు.

"ఓ, అదా" అన్నాడు ఆ రికార్డిస్టు. "పెద్దాయన చేయి ఊరుకునేది కాదు బాబూ. ప్రతి పాటలోనూ వయొలిన్లు పెంచేసి గాయకుణ్ణి ముంచేసేవారు. అందుకని తీగలు విప్పేసి, ఈ మీట మీ ఒక్కరిదే అన్నాం. ఆయన దాన్ని తోసుకుని సంతోషించేవారు. వయొలిన్లు వచ్చేది పదమూడులో. దాన్ని మేం చూసుకునేవాళ్లం."

బాబాయి ఫోన్ పెట్టేసి, తీగల కట్ట మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తీగలు కలిపితే పాట పాడవుతుంది. కలపకపోతే తన మాట పోతుంది. ఉన్నది చెప్పేస్తే పెద్దాయన ఇరవై ఆరేళ్ల బతుకూ నవ్వులపాలు. ఏడుపొచ్చినంత పనైంది.

"ఉత్త మీట తోసుకుని ఆయన సంబరపడితే మీ సొమ్మేం పోయింది?" అంది పిన్ని.

"నా మాట పోతుందే."

"మీ మాట మిమ్మల్ని తప్ప ఎవర్ని ఉద్ధరించింది?"

అయినా మాటే గెలిచింది. బాబాయి తీగలు కలిపాడు.

పెద్దాయన టేపులూ, అవి తిప్పే యంత్రమూ పట్టించుకుని వచ్చాడు. పలక తీసి, టేపు తిప్పారు. టేపులో గాయకుడు అందుకున్నాడు. ముసలాయన వేలు పన్నెండో మీటని పైకి తోసింది. వయొలిన్లు లేచాయి, ఈసారి నిజంగానే. వరసవరసకీ శబ్దం ఎంతో చూపే సూదులుంటే, పన్నెండోది ఎర్రగీత దాటింది. గాయకుడు ఏమయ్యాడో తెలియలేదు. పెద్దాయన చేయి వెనక్కి లాక్కున్నాడు. ఆయన మొహం చూడలేక బాబాయి తల దించుకున్నాడు.

"ఇది పాడైంది నాయనా" అన్నాడు పెద్దాయన మెల్లిగా. "నా మీట ఇలా మీద పడేది కాదు. ఎంత తోసినా గొంతు గొంతులాగే ఉండేది. ఇక రాదేమోలే."

"రెండు నిమిషాలు కూర్చోండి గురువుగారూ. ఒక లోపం ఉండిపోయింది, తీసేస్తాను."

బాబాయి బల్ల కిందకి దూరాడు. ఇన్నేళ్లలో మొదటిసారి బాగున్న తీగల టంకం కరిగించి విప్పాడు. చివరలు మడిచి, కట్టగట్టాడు. పని శుభ్రంగానే వచ్చింది.

మళ్లీ టేపు తిరిగింది. పెద్దాయన కళ్లు మూసుకుని మీట తోశాడు. మొహం విప్పారింది.

"ఇదీ. ఇప్పుడొచ్చింది."

బాబాయి పన్నెండో వరస సూది వంక చూశాడు. ఇసుమంత కూడా కదల్లేదు. పదమూడో మీటని ఎవరూ ముట్టుకోలేదు. చెవులకేమో వయొలిన్లు మెత్తగా లేచి, గది నిండి, ఇంకా పైకి వెళ్తున్నాయి. సూదిని మరోసారి చూసుకుని, పెద్దాయన వైపు వంగాడు.

"కాస్త తగ్గించండి గురువుగారూ, గాయకుడు మునిగిపోతున్నాడు."

పెద్దాయన మీటని వెంట్రుకవాసి కిందికి లాగాడు. అప్పుడు సరిపోయింది.