గండికోట దోవలో మా మేనత్త

గత మంగళవారం కమలాపురంలో మా మేనత్త చనిపోయింది. తంతి అందేసరికి నేను హైదరాబాదులో ఆఫీసులో ఉన్నాను. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను. ముందున్న ఫైలు పూర్తిచేసి, పైఅధికారి గదిలోకి వెళ్లి సెలవు అడిగాను. ఎవరు పోయారని ఆయన అడిగితే "మా అత్త" అన్నాను. ఆ మాట పక్కన ఎవరో అన్నట్టు వినిపించింది. ఇంటికెళ్లి రెండు చొక్కాలు సర్దుకుని రైలెక్కాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ పూటకీ రాలేదు.

ఆమె మా నాన్నకు చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. కర్నూలు రాజధాని అయ్యాక నాకు అక్కడ గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నాకు వండిపెట్టడానికని మా నాన్న ఆమెను నా వెంట పంపాడు. కూరగాయలమ్మి గానీ, గాజులాయన గానీ, పక్కింటికి వచ్చిన చుట్టం గానీ, ఎవరు ఎదురైనా అత్త అడిగేది ఒకటే. "మీ ఊరు ఎట్లుంటాది?" వాళ్లు ఏటి గురించో గుట్ట గురించో చెబుతుంటే కళ్లు సగం మూసుకుని వినేది. తర్వాత కూడా ఆ ధ్యాసలోనే ఉండేది. పొయ్యి మీద అన్నం మాడినా ఆమెకు తెలిసేది కాదు. నేను విసుక్కుంటే, "పోనీలేప్పా, ఒక పూట మాడినన్నం తింటే ఏమైతాది? ఆయమ్మ మళ్లా వచ్చి ఊరి సంగతి సెప్తుందా?" అనేది.

రాజధాని హైదరాబాదుకు పోతుందని ఖాయమయ్యాక మా ఆఫీసులో అందరికీ ప్రయాణాల హడావుడి పట్టుకుంది. నాకు అక్కడ ఇద్దరు స్నేహితులుండేవాళ్లు. సుబ్బారావుది గుంటూరు. ఖాదర్‌ది కర్నూలే. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన మోటారుసైకిలు, పక్కన మనిషి కూర్చునే తొట్టితో సహా, ఖాదర్ కొని బాగుచేసుకున్నాడు. సుబ్బారావుకు వేరే బండి ఉంది. దసరా సెలవుల్లో కడపదాకా సరదాగా పోయొద్దామని అనుకున్నాం. ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లో చాపమీద పటం పరిచి కూర్చున్నాం.

"నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. రోడ్డు బాగుంటుంది, సాయంత్రానికల్లా కడపలో ఉంటాం" అన్నాడు సుబ్బారావు.

అత్త చేట పక్కన పెట్టి వచ్చి నిలబడింది. "ఆ దోవన సూసేకి ఏముండాదప్పా? బనగానపల్లె మీద పోండి. కోయిలకుంట్ల దాటి జమ్మలమడుగు. ఆ పక్కనే గండికోట. కింద పెన్న పోతాంటాది."

"మీరు చూశారాండీ?" అన్నాడు సుబ్బారావు.

"సూడల్యా. నా పెండ్లప్పుడు ఆ కొండ కింద బండ్లు ఇడిసినారు. మొగోళ్లంతా పైకి పోయి సూసొచ్చినారు. ఆడోళ్లం సామాన్లకు కాపలా కూర్చున్యాం. నేను పెండ్లికూతుర్ని. అడిగినా పంపల్యా."

ఖాదర్ పటం మడుస్తూ మామూలుగా అన్నాడు. "తొట్టి ఖాళీగానే ఉండాది కదమ్మా. నువ్వూ రా."

నేను ఖాదర్ వైపు కోపంగా చూశాను. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో వాడికేం తెలుసు అనిపించింది. అత్త నా మొహం చూసింది. "మీ నాయనకు నేను సెప్పుకుంటాలే" అని లోపలికి పోయి బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఆ పూట అన్నంలో రాళ్లు చాలా వచ్చాయి.

బయల్దేరిన రోజు తొట్టిలో కాళ్లు ముడుచుకుని, కొంగు తలమీదుగా బిగించి కట్టుకుని కూర్చుంది. నేను ఖాదర్ వెనక కూర్చున్నాను. ముందు భయపడి తొట్టి అంచు పట్టుకుంది. ఊరు దాటాక వదిలేసింది. కోయిలకుంట్ల అవతల "ఈ పక్కన దగ్గిర దోవ ఉండాది, తిప్పప్పా" అంది. ఖాదర్ తిప్పాడు. కొంత దూరం పోయాక ఆ దోవ కాస్తా జొన్నచేలో కలిసిపోయింది. చేనికాపు మంచె దిగొచ్చాడు.

"ఏమప్పా, యాడికి పోతాండారు? సినిమావాళ్లా?"

"ఈడ బండ్లదోవ ఉండల్యా?" అని అత్త గద్దించింది.

"మా నాయన కాలంలోనే దున్నేసినాముమ్మా."

అత్త పకపకా నవ్వింది. "దోవనే దున్నేసినారంట సూడప్పా!" అంటూ సుబ్బారావుకు చెప్పింది. దుమ్ము కొట్టుకుపోయి, దారి తప్పించారని చిరాకుగా ఉన్న సుబ్బారావు కూడా నవ్వక తప్పలేదు. బండి వెనక్కి నెట్టుకుని మళ్లీ రోడ్డెక్కాం.

రాత్రికి జమ్మలమడుగులో ఆగి, మర్నాడు గండికోట చేరాం. కోటవాకిట బండ్లు వదిలి, పడిపోయిన గోడల మధ్య నడిచి కొండ అంచుకు పోయాం. కింద ఎర్రరాళ్ల సందులో పెన్న నిండుగా పోతోంది. సుబ్బారావుకు కళ్లు తిరిగి వెనకే కూలబడ్డాడు. అత్త అంచున ఒక రాతిమీద కూర్చుంది. మేము కోటంతా తిరిగొచ్చినా అక్కడే ఉంది. పోదామని పిలిస్తే లేచి కొంగు దులుపుకుంది.

"మా వాళ్లు లోతు గురించే సెప్పినారు. నీళ్ల సప్పుడు ఇంత దూరం ఇనపడతాదని ఒగరూ సెప్పల్యా" అంది.

కడపకు పోయే దోవలోనే మా ఊరు కమలాపురం. మా ఇంటిముందు తొట్టిలోంచి ఆమె దిగుతుంటే వీధి వీధంతా చూసింది. మా నాన్న అరుగుమీద నుంచి లేచాడు.

"నలుగుర్లో నన్ను తల ఎత్తుకోనిస్తావా?"

"తల దించుకునే పని నేనేం జేసినా, అన్నా? గండికోట సూసొచ్చినా."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. అత్త కాళ్లు కడుక్కుని, ఖాదర్‌కూ సుబ్బారావుకూ తనే వడ్డించింది. మా నాన్న మాత్రం ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. నేను హైదరాబాదు వెళ్లాక అత్త ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఒకే వాకిట్లో ఇద్దరూ తిరిగేవాళ్లు. ఏదైనా చెప్పాలంటే మా అమ్మ ద్వారా చెప్పుకునేవాళ్లు. పోయిన సంక్రాంతి తర్వాత వెళ్లినప్పుడు, "నేను నాన్నతో మాట్లాడనా అత్తా?" అన్నాను.

"వద్దులేప్పా. ఆయప్ప మాట్లాడకపోతే నేను సూసింది సూడకుండా పోతాదా?" అంది. మళ్లీ తనే, "ఆ హైదరాబాదు ఎట్లుంటాది?" అని అడిగింది. ఆఫీసు పనుల గురించి ఏదో చెప్పాను. ఆమె అడిగింది అది కాదు.

నేను చేరేసరికి దహనం అయిపోయింది. ఖాదర్ కర్నూలు నుంచి వచ్చి వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, నా చేతిలోని సంచి అందుకున్నాడు. లోపల మా అమ్మ ఏడుస్తోంది. చుట్టాలు ఎవరెవరో వచ్చి నా భుజం తడుతున్నారు. ఎవరికేం చెప్పానో గుర్తులేదు.

మర్నాడు అస్థికలు తీసుకుని పాపాఘ్నికి పోయాం. ఎండాకాలం. ఏట్లో చుక్క నీరు లేదు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఇసుకే. అస్థికలు కలపాలంటే ఇసుకలో నీళ్లకు చెలమ తవ్వాలన్నారు. పారతో ఒకతను ముందుకొచ్చాడు. మా నాన్న అతన్ని పక్కకు జరిపి, పంచె ఎగగట్టి ఇసుకలో మోకాళ్లమీద కూర్చున్నాడు. చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, నువ్వుండప్పా, మేము తోడతాం" అన్నారెవరో.

ఆయన తలెత్తలేదు. పైన ఇసుక కాలుతోంది. పక్కలు జారి పడిపోతుంటే మళ్లీ తోడి పోస్తున్నాడు. మోచేతులదాకా తడి అంటింది. చివరికి అడుగున నీళ్లు ఊరాయి, బురదగా. అస్థికల కుండ పట్టుకున్న నేను ముందుకు వంగబోయాను. ఆయన తడిచేయి ఎత్తి ఆపాడు.

"తేరుకోనీ" అన్నాడు.

ఎండలో అందరం నిలబడ్డాం. ఆయన ఆ గుంత మీదికి వంగి, నీళ్లు తేటపడేదాకా చూస్తూ అలాగే కూర్చున్నాడు.