కోటు లేని జబ్బ

జబ్బలో పెద్ద రక్తనాళం ఎక్కడుంటుందో, ఏలూరు ఆడపిల్లల ట్రైనింగు స్కూల్లో చదివేటప్పుడే నాకు కంఠతా వచ్చు. చంకలో మొదలై, కండకు లోపలివైపున ఎముకను ఆనుకొని దిగి, మోచేతి మడత దగ్గర రెండుగా చీలి, ఒక పాయ బొటనవేలి వైపుకూ ఒకటి చిటికెనవేలి వైపుకూ పోతుంది. వైద్యులు మణికట్టు దగ్గర పట్టుకొని చూసే నాడి ఆ మొదటి పాయదే. పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట ఇది. ప్రథమ చికిత్సలో క్లాసు మొత్తానికి నేనే ఫస్టు. ఆ సంగతి అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకు కూడా చెప్పుకొనేదాన్ని.

దాన్ని ఎక్కడ నొక్కాలో పుస్తకంలో ఒకే గుర్తు ఇచ్చారు: కోటు చేతి లోపలి కుట్టు వెంబడి. మా టీచరమ్మగారు ఇంగ్లీషు పుస్తకం చూసి తెలుగులో చెబితే మేం రాసుకొనేవాళ్లం. కోటంటే మేం స్టేషను మాస్టరుగారి ఒంటిమీద చూడ్డమే. అందుకని హాస్టలు వాచ్‌మన్ పాతకోటు తెప్పించి, ఒకరి తర్వాత ఒకరం తొడుక్కొని, ఆ కుట్టు మీద నాలుగు వేళ్లు ఆనించి "నొక్కితిమి" అనేవాళ్లం. ఆ కోటులో మాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. కుట్టు ఎక్కడ వేలాడితే నాళం అక్కడే అనుకున్నాం. కోటు తీసి ఒట్టి చేతిని ఒకసారి తడిమి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు.

చివరి ఏడు, పాఠం చెప్పడం అలవాటు కావాలని నన్ను నెల రోజులు కొల్లేరు నడుమ లంకలో ఉన్న కొల్లేటికోట బడికి పంపారు. భీమడోలు దాకా రైలు, అక్కడినుంచి బండి, ఆపైన దోనె. దోనె నడిపే అతనికి పాతికేళ్లుంటాయి. గట్టు మీది ఊళ్లలో చేపలు అమ్ముకొని ఇంటికి పోతున్న వాళ్లమ్మ కూడా ఎక్కింది. ఆమెకు అతనొక్కడే కొడుకని దోనె కదిలిన కాసేపటికే చెప్పింది.

కొంతదూరం పోయాక కిక్కిస గడ్డి దారికి అడ్డంగా పెరిగిపోయి దోనె ఆగింది. అతను వంగి, ఎడమచేత్తో గడ్డి దుబ్బు పట్టుకొని కోస్తుంటే కొడవలి జారింది. మోచేతికి దిగువన తెగింది. రక్తం కారలేదు, ఎగజిమ్మింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక చిమ్ము. నాళం తెగిందని నాకు చప్పున తెలిసింది. ఆపకపోతే గట్టు చేరేలోపే మనిషి పోతాడనీ తెలిసింది.

తల్లి కొంగు చింపి గాయానికి చుట్టింది. అది నిమిషంలో తడిసిపోయింది. నేను అతని జబ్బ పట్టుకున్నాను. ఒంటిమీద గోచీ తప్ప మరేం లేని మనిషాయె, ఇక కోటు కుట్టు ఎక్కడిది? కోటు ఉంటే ఎక్కడుండేదో ఊహించుకొని, వాచ్‌మన్ కోటు లెక్కన బాగా వెనక్కి పట్టి, బలమంతా పెట్టి నొక్కాను. రక్తం ఆగలేదు. ఇంకొంచెం కిందికి నొక్కాను. అయినా ఆగలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, నాకు సరిగ్గా అదే అయింది.

"అక్కడ కాదండమ్మా," అంది తల్లి. నా వేళ్లు పట్టుకొని జబ్బ లోపలివైపుకి, కండ అంచు కిందికి జరిపింది. "చంటోణ్ణి చేతిమీద పడుకోబెట్టుకుంటే తల ఆనేది ఇక్కడేనండి. ఆడి చెవి కింద కొట్టుకుంటా ఉంటది. చూడండి."

చూశాను. వేళ్ల కింద తాడులాంటిది కొట్టుకుంటోంది. దాన్ని ఎముకకేసి అదిమాను. చిమ్ము సన్నబడి, ఆగిపోయింది.

"చెయ్యంతా జిల్లుమంటందండి," అన్నాడతను. నాళం పక్కనే నరం ఉంటుందనీ, నొక్కితే అదీ నలుగుతుందనీ నోట్సులో రాసుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఓర్చుకోమన్నాను.

తల్లి గెడ అందుకొని దోనె వెనక్కి తిప్పింది. ఏడవలేదు. "పట్టు వదలకండమ్మా, పట్టు వదలకండమ్మా," అంటూనే గెడ వేసింది. వేళ్లు తిమ్మిరెక్కితే నేను చెయ్యి మార్చుకొనేదాన్ని. ఆ మార్చే క్షణంలోనే కట్టులోంచి మళ్లీ రక్తం ఉబికేది. గట్టు మీద బండి దొరికింది. భీమడోలులో డాక్టరుగారు నాళం కట్టి కుట్లు వేసేదాకా ఆ జబ్బ మీదనుంచి నా చేతులు తీయలేదు.

"సరిగ్గా పట్టావమ్మా. ఎవరు నేర్పారు?" అని అడిగారాయన.

"ఏలూరు ట్రైనింగు స్కూల్లో అండి," అన్నాను.

తల్లి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆమె విన్నది. విన్నదని నేనూ చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. డాక్టరుగారు మా స్కూలుకు ఉత్తరం రాశారు. దాన్ని పొద్దుటి ప్రార్థనలో అందరిముందూ చదివారని నా స్నేహితురాలు కార్డు రాసింది. సంతోషించాను. సిగ్గేసింది కూడా, కాని సంతోషించిన మాట నిజం.

నెల ముగిసి నేను వెళ్లిపోయేనాడు తల్లీకొడుకులిద్దరూ రేవుకొచ్చారు. అతని చిటికెనవేలు సరిగా ముడుచుకోవడం లేదు గాని గెడ పట్టుకోగలుగుతున్నాడు. ఆ చెయ్యి చూశాక నేనిక ఆగలేకపోయాను.

"అమ్మా, ఆ చోటు చూపించింది మీరు. నాకు తెలియలేదు. డాక్టరుగారితో అబద్ధం చెప్పాను," అన్నాను.

ఆమె నవ్వింది. "నాకేం తెలుసండి, చదువు రానిదాన్ని. ఆ గాబరాలో ఏదో అనుంటాను. నా బిడ్డని నిలబెట్టింది మీ చదువండి," అని, రేవులో నీళ్లు ముంచుకొనే ఆడవాళ్లకేసి తిరిగి, "చూశారా, అందుకే పిల్లల్ని బడికి పంపమంటన్నాను," అంది.

కాదండి, కాదండి అని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. డాక్టరుగారంతటి పెద్దమనిషి అడిగినప్పుడే, ఆయన ముందు ఈ మాట చెప్పి ఉంటే నమ్మేదేమో. దోనె కదిలేదాకా ఆమె నాకు దణ్ణం పెడుతూనే ఉంది.