నాలుగు జానలు

ఉస్లాపూర్‌లో మా కొత్త ఇంటికి అలమర కొలవడానికొచ్చిన వడ్రంగి స్టీలు టేపు లాగాడు. కుట్టుమిషను సొరుగులో ఉన్న అమ్మ పాత గుడ్డ టేపుని నేను ఊరికే దాని పక్కన పెట్టి చూశాను. స్టీలు టేపు ముప్పై ఆరు అంగుళాలు చూపించేచోట గుడ్డది ముప్పై ఐదే చూపించింది. వాడి వాడి సాగిపోయింది.

తొమ్మిదో క్లాసులో పర్సెంట్ ఎర్రర్ నేర్చుకున్నాను. కొలిచినదానికీ అసలుదానికీ ఉన్న తేడాని అసలుతో భాగించి, వందతో హెచ్చవేయాలి. అప్పట్లో మేముండే రైల్వే క్వార్టర్లో అమ్మ లంగాలు కుట్టేది, జానలతోనే కొలిచేది. ఓరోజు ఎదురింటి గార్డుగారి భార్య తెచ్చిన గుడ్డ మీద నాలుగు జానలు వేసి, "ముప్పై ఆరు" అంది. నేను అప్పటికే పాతబడిన ఈ టేపు పెట్టాను. ముప్పై ఐదు వచ్చింది.

"అమ్మ చేతిలో మూడు శాతం తప్పుంది ఆంటీ" అన్నాను.

"అచ్ఛా" అని ఆవిడ నవ్వింది.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "సదువుకున్నదానివి. ఇకమీద నువ్వే కొలు" అంది.

ఆ తర్వాత నేను టేపుతో కొలిచిన లంగాలు నేలకి జీరాడుతున్నాయని వెనక్కి వచ్చేవి. అమ్మ అంచులు మళ్ళీ మడిచి కుట్టేది. తప్పు ఆవిడ కుట్టులోనే ఉందనుకున్నాను. టేపుని అనుమానించాలని నాకు తోచనే లేదు.

టేపు చుట్టేసి, హాల్లో ఉన్న అమ్మ ముందు కర్టెన్ గుడ్డ పెట్టాను. "ఇది కొలిచిపెట్టవా అమ్మా" అన్నాను.

"టేపుంది కదే, నానెందుకు" అంది.