పత్తిచేనులో కవరు ఫొటో

కరీంనగర్‌లో నాది చిన్న డిజైనింగ్ షాపు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేస్తుంటాను. ఒకరోజు కాగజ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి ఒకామె తన పాటల ఆల్బమ్‌కు కవరు చేయమని వచ్చింది. ఆదివారాలు చర్చిలో పాడుతుంది, మిగతా రోజులు కూలికి పోతుంది. పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసి, మడతపెట్టిన అట్ట కవరులో పెట్టి అమ్మాలని ఆమె ఆలోచన. అదే బొమ్మతో గోడలకు అంటించే పోస్టరూ కావాలంది. తెల్లటి పత్తి మధ్య నవ్వుతూ నిలబడితే బాగుంటుందని చెప్పింది నేనే. ఆ చుట్టుపక్కల పులి తిరుగుతోందని అప్పటికి నాకు తెలియదు.

ఫొటోలకని వాళ్ల ఊరు వెళ్లిన రోజు, చేను గట్టు మీద ఆమె నా చేతిలో ఒక ప్లాస్టిక్ మాస్కు పెట్టింది. మనిషి ముఖం, ఎర్రటి పెదవులు. ఫారెస్టు వాళ్లు కూలీలకు పంచారట. తల వెనక కట్టుకోవాలట.

"పులి ఎన్కనుంచే వస్తది చెల్లె. మొకం కనవడితె జర ఆగుతదంటున్నరు," అంది. మొన్ననే పక్కూరిలో లేగదూడను లాక్కుపోయిందని కూడా చెప్పింది.

వెనక్కి పోదామని అందామనుకునేలోపే ఆడవాళ్లు సాళ్లలోకి దిగారు. వంగి పత్తి తీస్తుంటే వాళ్ల తలల వెనక ఉన్న ముఖాలన్నీ ఆకాశంలోకి చూస్తున్నాయి. ఆమె వెనకే నడుస్తూ ఒకటి రెండు ఫొటోలు తీశాను. తర్వాత ఎదురుగా వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాను. పత్తి చెట్లు నా తలకంటే ఎత్తు. కన్ను కెమెరాలో ఉందన్న మాటే గానీ, ప్రాణమంతా వీపులోనే ఉంది.

ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. ఆమె నవ్వు మాయమైంది. చూపు నన్ను దాటి పోయింది.

"చెల్లె, మెల్లగ లేసి నిలవడు. ఉర్కకు."

నేను కెమెరా సర్దుకునేలోపే ఆమే వచ్చి రెక్క పట్టి లేపింది. అందరూ దగ్గరికి చేరారు. ఒకామె టిఫిన్ మూతను గిన్నెకేసి కొట్టసాగింది. ఈమె గొంతెత్తి పాట అందుకుంది. గొంతు వణుకుతోంది, రాగం ఎటో పోతోంది, అయినా ఆపలేదు. నన్ను నడుమ పెట్టుకుని రోడ్డు దాకా నడిచారు. వెనక ఆకులు కదులుతున్న చప్పుడు విన్నాను. తిరిగి చూడలేదు. వాగు దిక్కు పులి అడుగులున్నాయని మధ్యాహ్నం ఫారెస్టు వాళ్లు చెప్పారు.

షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆమె నవ్వుతున్న ఏ ఫొటోలోనూ నాకు ఆమె కనిపించలేదు. వెనకున్న చెట్ల సందులనే వెతుకుతున్నాను. చివరికి వెనక నుంచి తీసినదాన్నే కవరు మీద పెట్టాను. సాలులోకి పోతున్న మనిషి, మనల్ని చూస్తున్న మాస్కు. మడత విప్పితే లోపల ఆమె అసలు ముఖం. పోస్టరుకూ ఆ మాస్కు బొమ్మే. దేవుని పాటల మీద ఈ బొమ్మేమిటంటుందేమోనని పంపడానికి కూడా జంకాను. పంపాక, సాయంత్రం ఫోన్ చేసింది. ఎవరన్నా గుర్తుపడతారా అని వాళ్లత్త అడుగుతోందట.

"రోజు చేన్ల గా మాస్కు కట్టుకోనే పాడుతున్న చెల్లె. ఉండనియ్యి," అంది.

చర్చిలో కొందరికి నచ్చలేదు. అయినా ఆమె మార్చలేదు.

ఈమధ్య రెండో ఆల్బమ్ చేద్దామని ఫోన్ చేసింది. ఫొటోలు ఈసారి నా షాపులోనే తీద్దామన్నాను. నవ్వి, సరేనంది. మాటల మధ్య ఆకుల చప్పుడు వినిపించి ఎక్కడున్నావని అడిగాను. చేనులోనే ఉన్నానంది. "ముందు ఫోన్ పెట్టేసి చుట్టూ చూసుకో," అని చెప్పాను.