తమ్ముడి సాక్ష్యం

వణుకంటే ఏమిటో మా నాన్నకు బాగా తెలుసు. రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయిన మనిషి. తాగుడు మానేటప్పుడు తోటి డ్రైవర్లు పడ్డ పాట్లు కళ్ళారా చూశాడు. చేతులు వణకడం, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేయడం, నలుగురు కలిసి పట్టుకోవాల్సి రావడం. అందుకే మా తమ్ముడిని కోల్‌కతా నుంచి మా రైల్వే ఊళ్ళోని తాల్‌బగీచా ఇంటికి తీసుకొచ్చినప్పుడు ముందుగా గది తలుపు గడియ ఊడదీశాడు. మంచం కింద బకెట్ పెట్టాడు. తమ్ముడు కోల్‌కతాలో డబ్బున్నవాళ్ళ పార్టీలు ఏర్పాటు చేసే కంపెనీలో ఉండేవాడు. ఆ పార్టీల్లోనే కొకైన్ అలవాటయింది. ఉద్యోగం ఊడాక గానీ మాకు తెలియలేదు.

వణుకు రాలేదు, వాంతి కాలేదు. తమ్ముడు పడుకున్నాడు. లేచి అన్నం తిని మళ్ళీ పడుకున్నాడు. నేనుండేది అదే ఊళ్ళో న్యూ సెటిల్‌మెంట్‌లో. స్కూల్లో పాఠాలు చెప్పడం అయ్యాక సైకిల్ మీద వచ్చేసరికి ప్రతిరోజూ అదే దృశ్యం. వాడి పళ్ళెంలో అంత అన్నం చూసి అమ్మ మొహం వెలిగిపోయేది.

నాకే ఎందుకో గుబులుగా ఉండేది. నిద్రలో పళ్ళు కొరికేవాడు. మెలకువ వచ్చాక, కలలో మళ్ళీ వాడేశానక్కా, అని నా ఒక్కదానితో చెప్పాడు. టీవీ ముందు కూర్చోబెడితే నవ్వాల్సిన చోట నవ్వేవాడు కాదు. అమ్మ అరిసెలకని కాగితం మీద బియ్యప్పిండి జల్లిస్తుంటే ఆ తెల్లటి పిండిని చూస్తూ నిలబడిపోయాడు. పై పెదవి మీద చెమట పట్టింది. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు తిరిగి రాలేదు.

పక్క పట్టణం మేదినీపూర్‌లో మానసిక వైద్యుడి దగ్గరకు వాడిని నేనే తీసుకెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. ఆయన బెంగాలీలో నిదానంగా విడమరచి చెప్పాడు. ఇది తాగుడులా ఒంటి మీద బయటపడదు, మొదట నిద్ర, ఆకలి వస్తాయి, చూసి మోసపోకండి అన్నాడు. ఆ తరువాత మనసు అడుగంటుతుందట. దేని మీదా ఇష్టం ఉండదు. ఉన్నట్టుండి మళ్ళీ కావాలని పీకుతుంది. చావు ఆలోచనలు వచ్చేది కూడా అప్పుడే, ఒంటరిగా వదలకండి, అలాంటి మాట ఏది విన్నా వెంటనే తీసుకురండి అన్నాడు. అమ్మకు బెంగాలీ నాకంటే బాగా వచ్చు. అయినా తనకు కావలసిన ముక్కే విన్నది.

"నిద్దరోతన్నాడు, తింటన్నాడు. ఇంకేటి కావాలే నీకు?" అంది బస్సులో.

నాన్నదీ అదే పాట. ఆయన వణుకు కోసం ఎదురుచూశాడు, అది రాలేదు, కాబట్టి గండం గడిచిపోయిందన్నాడు. ఇద్దరూ కలిసి చర్చి వాళ్ళను పిలిచి ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టి, దేవుడు బాగుచేశాడని వాడి చేత సాక్ష్యం చెప్పిద్దామని నిర్ణయించారు. నాకు ఒళ్ళు మండింది. వద్దని మొత్తుకున్నాను. దేవుడు చేసిన మేలు దాచిపెట్టుకుంటారా అని అమ్మ నామీదే విరుచుకుపడింది. తమ్ముడిని అడిగితే సరే అన్నాడు. అప్పట్లో వాడు దేనికైనా సరే అనేవాడు.

ఆదివారం సాయంత్రం ఇల్లు నిండిపోయింది. చాపలు చాలక గుమ్మంలో కూడా కూర్చున్నారు. పెరట్లో కోడి పలావు దించారు. పాటలయ్యాక పాస్టరు గారు తమ్ముడిని లేపి, ధైర్యంగా చెప్పు బాబూ అన్నారు. మాలో సాక్ష్యం చెబుతుంటే వాక్యానికి ఒకసారి అందరూ స్తోత్రం అంటారు. అది నోటికి పట్టిన అలవాటు, ఆగి ఆలోచించి అనేది కాదు.

"అందరికీ వందనాలు," అన్నాడు తమ్ముడు.

స్తోత్రం.

"నేను ఆ మందు మానేసినాను."

స్తోత్రం. అమ్మ గొంతు అందరికంటే పైన వినిపించింది.

"అమ్మ బాగా సూసుకుంటంది. నాన్న కూడా."

స్తోత్రం.

"నాకు బతకాలని లేదు."

స్తోత్రం, అన్నారు.

వెనక వరుసల్లో చేతులు కూడా లేచాయి. తరువాత ఒక్కొక్క చెయ్యీ దిగింది. పాస్టరు గారు పుస్తకం మూశారు. అమ్మ నోరు ఇంకా తెరుచుకునే ఉంది. తమ్ముడు మాత్రం చెప్పాల్సింది చెప్పేసినవాడిలా చాప మీద కూర్చున్నాడు. నేను చాపల మీదుగా వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని లేపాను. ఎదురింటి అన్నయ్య కారు తీశాడు. భోజనం చేసి వెళ్ళండి అని ఎవరితోనో అంటున్న నాన్న మాట మధ్యలో తెగిపోయింది.

దారి పొడుగునా నేను ఏడుస్తూనే వాడిని తిట్టాను, అమ్మను తిట్టాను, ఆ పలావును కూడా తిట్టాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ వాడి మోకాలి మీద చెయ్యి వేసి తియ్యలేదు.

మేదినీపూర్‌లో డాక్టరు తలుపు వేసి, మెత్తగా, సూటిగా అడిగాడు: ఏదైనా చేసుకోవాలని అనుకున్నావా, ఎప్పుడు? తమ్ముడు జవాబు ఆయనకు కాకుండా నాకు తెలుగులో చెప్పాడు.

"ఇయాలే అక్కా. కూటం అయిపోయినాక. అమ్మ అందర్నీ పిలిసినాది గదా, మధ్యలో ఎందుకని."